చెల్లో తీగలు మార్చే వేళ: ఏది ఎంచుకోవాలి, ఎందుకు?

కొన్న కొత్తలో గంభీరంగా పలికిన చెల్లో రెండేళ్లు తిరిగేసరికి గొంతు పూడుకుపోయినట్టు మోగుతుంది. శ్రుతి చేసిన పది నిమిషాలకే జారిపోతుంది. కమాను ఎంత నొక్కినా నాదం ముందుకు రాదు. సాధన చాలడం లేదేమోనని విద్యార్థి అనుకుంటాడు. వాద్యమే నాసిరకమేమో, మార్చేయాలేమోనని ఇంట్లోవాళ్లు ఆలోచనలో పడతారు. చాలాసార్లు తప్పు ఆ రెండింటిలోనూ ఉండదు. తీగలు అరిగిపోయి ఉంటాయి.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. వయొలిన్ తీగలు పెద్ద ఊళ్లలో సంగీత వాద్యాల దుకాణాల్లో దొరుకుతాయి. చెల్లో తీగలు అలా దొరకవు. ముంబై, చెన్నై, కోల్‌కతా వంటి కొన్ని నగరాల్లో తప్ప చెల్లోను చూసి సలహా చెప్పగల పనివారు కూడా దేశంలో తక్కువ. మంచి తీగలన్నీ దాదాపుగా దిగుమతి సరుకే. నాణ్యమైన ఒక్క 'సి' తీగ ధరకు విద్యార్థుల కోసం చేసిన నాలుగు తీగల సెట్ మొత్తం వచ్చేస్తుంది. అంత డబ్బు పోసి కొన్నది తమ వాద్యానికి నప్పకపోతే తిరిగి ఇవ్వడం కుదరదు. అందుకే కంపెనీ పేరు చూసి కాకుండా, తీగ ఎలా పనిచేస్తుందో, తమ చెల్లోకు ఏం కావాలో తెలుసుకుని కొనడం అవసరం.

నాలుగు తీగలు, నాలుగు బరువులు

చెల్లోకు నాలుగు తీగలు. కింది స్థాయి నుంచి పైకి 'సి', 'జి', 'డి', 'ఎ'. ఒక్కో తీగకూ దాని పక్కదానికీ మధ్య షడ్జమ పంచమాల దూరం ఉంటుంది. పాశ్చాత్య పద్ధతిలో శ్రుతి చేస్తే 'ఎ' తీగ సెకనుకు 220 సార్లు కంపిస్తుంది. 'సి' తీగ దాదాపు 65 సార్లే కంపిస్తుంది. పూర్తి పరిమాణం చెల్లోలో బ్రిడ్జికీ, మెడ చివరనున్న నట్‌కూ మధ్య మోగే తీగ పొడవు సుమారు 69 సెంటీమీటర్లు. నాలుగు తీగలకూ పొడవు ఒకటే. మరి స్వరం ఎలా మారుతుంది? బిగువులోనూ బరువులోనూ ఉండే తేడా వల్ల.

'ఎ' తీగనే, అదే లావుతో, 'సి' స్వరానికి దించితే బిగువు పదకొండో వంతుకు పడిపోతుంది. అది తీగలా కాక దారంలా వేలాడుతుంది. బిగువు తగ్గకుండా స్వరం దిగాలంటే తీగ బరువెక్కాలి. అందుకే ఒక మీటరు పొడవుకు లెక్కేస్తే 'సి' తీగ 'ఎ' తీగకంటే దాదాపు ఎనిమిది రెట్లు బరువుంటుంది. వీణ తెలిసినవారికి ఇది కొత్త సంగతి కాదు. సారణి సన్నగా, అనుమంద్రం లావుగా ఉండటానికి కారణం ఇదే.

సాధారణంగా 'ఎ' తీగ బిగువు 17, 18 కిలోల దగ్గర, మిగిలిన మూడూ 13, 14 కిలోల దగ్గర ఉంటాయి. నాలుగూ కలిపితే 60 కిలోలకు అటూ ఇటూ. ఆ బిగువులో ఒక పెద్ద భాగం బ్రిడ్జి మీదుగా పైచెక్కను కిందికి నొక్కుతూ ఉంటుంది. తీగ రకం మార్చడమంటే స్వరం రంగు మార్చడమే కాదు, వాద్యం మోసే బరువును మార్చడం కూడా.

పేగు నుంచి ఉక్కు దాకా

మొదట్లో చెల్లో తీగలన్నీ గొర్రె పేగుతో చేసినవే. ఇంగ్లిష్‌లో 'క్యాట్‌గట్' అనే పేరున్నా పిల్లితో దానికి సంబంధం లేదు. పేగు తేలిక కాబట్టి కింది స్వరానికి తీగ చాలా లావుగా ఉండాల్సి వచ్చేది. లావు తీగ వంగదు, కమానుకు వెంటనే పలకదు. ఆ లోటు పూడ్చడానికి వాద్యాన్నే పెద్దదిగా చేసి తీగ పొడవు పెంచేవారు. 17వ శతాబ్దం రెండో సగంలో పేగు మీద సన్నటి లోహపు తీగ చుట్టే పద్ధతి వాడుకలోకి వచ్చింది. 1664లో లండన్ ప్రచురణకర్త జాన్ ప్లేఫర్డ్ తన పుస్తకంలో అలాంటి కొత్త తీగల గురించి ప్రకటించాడు. చుట్టిన లోహం బరువునిస్తుంది, లోపలి పేగు మెత్తదనాన్ని నిలుపుతుంది. తీగ సన్నబడటంతో వాద్యం కూడా చిన్నదవడానికి వీలు దొరికింది. 18వ శతాబ్దం తొలి దశకంలో ఇటలీలోని క్రెమోనాలో స్ట్రాడివారి స్థిరపరచిన చిన్న నమూనా తర్వాతి చెల్లోలకు ఒరవడి అయింది. చెల్లో నేటి ఆకారానికి రావడంలో తీగ సాంకేతికత పాత్ర అంతటిది.

20వ శతాబ్దంలో ఉక్కు వచ్చింది. 1919లో వియన్నాలో మొదలైన థొమాస్టిక్-ఇన్‌ఫెల్డ్, డెన్మార్క్‌లో 1956లో మొదలైన యార్గర్, అదే దేశంలో 1990లో మొదలైన లార్సెన్ ఈ రంగంలో ముఖ్యమైన పేర్లు. జర్మనీలోని పిరాస్ట్రో 1798 నుంచి ఉంది, పేగు తీగలు ఇప్పటికీ తయారుచేస్తుంది. అమెరికాకు చెందిన డడారియో విద్యార్థుల సెట్లకు బాగా తెలిసిన పేరు. 1970లో థొమాస్టిక్ కృత్రిమ పోగుతో 'డామినెంట్' తీగ తెచ్చింది. వయొలిన్ లోకం చాలావరకు అటు మళ్లింది. చెల్లో మాత్రం ఉక్కు దగ్గరే ఎక్కువగా ఆగిపోయింది. పొడవైన, బరువైన తీగను కమానుకు త్వరగా పలికించడంలోనూ, పెద్ద హాలులో నాదాన్ని చివరి వరుస దాకా చేర్చడంలోనూ ఉక్కు సాయం ఎక్కువ. అందుకే నేడు చెల్లో తీగలు ఎంచుకోవడమంటే చాలావరకు ఉక్కులోని రకాల మధ్య ఎంపికే.

తీగ లోపల ఏముంది

ప్యాకెట్ మీది మాటల్లో ముఖ్యమైనవి రెండు. ఒకటి కోర్, అంటే లోపలి నడుము. రెండోది వైండింగ్, అంటే పైన చుట్టిన లోహం.

ఉక్కు కోర్‌లో ప్రధానంగా రెండు రకాలు. ఒకే పోగు ఉన్న గట్టి ఉక్కు ఒకటి. ఇది చవక, శ్రుతిలో స్థిరం, ఎక్కువకాలం మన్నుతుంది. నాదం సూటిగా, కొంత కరుకుగా ఉంటుంది. డడారియో 'ప్రెల్యూడ్' ఈ కోవది. సన్నటి పోగులు కొన్నింటిని తాడులా పేనినది రెండో రకం. ఇది వేలికీ కమానుకూ మెత్తగా వంగుతుంది, నాదం నిండుగా ఉంటుంది. అదే కంపెనీ 'హెలికోర్', థొమాస్టిక్ 'స్పైరోకోర్' ఈ కోవలోవి. కృత్రిమ కోర్ తీగలు పేగు నాదానికి దగ్గరగా, వెచ్చగా పలుకుతాయి. వేసిన తర్వాత స్థిరపడటానికి ఎక్కువ సమయం తీసుకుంటాయి.

వైండింగ్ ప్రధానంగా బరువు కోసం. ఇక్కడ సాంద్రత లెక్కలోకి వస్తుంది. ఒక ఘన సెంటీమీటరు అల్యూమినియం 2.7 గ్రాములు, ఉక్కు దాదాపు 7.8, వెండి 10.5, టంగ్‌స్టన్ 19.3 గ్రాములు తూగుతాయి. టంగ్‌స్టన్ చుట్టిన 'సి' తీగ, ఉక్కు చుట్టిన తీగంత బరువుండి కూడా దానికంటే సన్నగా ఉంటుంది. సన్నటి తీగ కమానుకు త్వరగా స్పందిస్తుంది, ప్రతి స్వరం మొదలు స్పష్టంగా వినిపిస్తుంది. టంగ్‌స్టన్ తీగ ఖరీదెక్కువ కావడానికి ఆ లోహం ధరా, దాన్ని సన్నగా లాగి చుట్టడంలోని కష్టమూ కారణాలు. వెండి చుట్టినది కొంత మృదువుగా, క్రోమ్ స్టీల్ చుట్టినది మెరుపుగా, సూటిగా పలుకుతాయన్నది వాద్యకారుల సాధారణ అనుభవం.

తీగ అరిగిందని తెలిసేదెలా

క్రమం తప్పకుండా సాధన చేసేవారి చేతిలో 'ఎ', 'డి' తీగలు ఆరు నెలల నుంచి ఏడాది దాకా మంచి స్థితిలో ఉంటాయి. 'జి', 'సి' తీగలు ఏడాది నుంచి రెండేళ్లు నిలుస్తాయి. రోజుకు అరగంట వాయించేవారికి ఇంకా ఎక్కువకాలం వస్తాయి. అయితే క్యాలెండర్ కంటే చెవి నమ్మదగినది. గుర్తులు ఇవి:

- వైండింగ్ ఊడి వేలికి గరుకుగా తగలడం, వేళ్లు ఎక్కువగా పడే చోట గాడి పడటం, నల్లబడటం.
- ఖాళీ తీగలు సరిగ్గా శ్రుతిలో ఉన్నా, రెండు తీగల మీద ఒకే చోట వేలు అడ్డంగా వేసి వాయిస్తే పంచమం కలవకపోవడం. తీగ బరువు పొడవునా ఒకేలా లేదని దీని అర్థం.
- తీగ సరిగ్గా మధ్యలో వేలు తాకించి పలికించిన హార్మోనిక్ స్వరం, అక్కడే వేలు నొక్కి పలికించిన స్వరం ఒకటి కాకపోవడం.
- మీటితే నాదం వెంటనే చచ్చిపోవడం.

తీగను తప్పుబట్టే ముందు మరో నాలుగు చూడాలి. కమాను వెంట్రుకలు మార్చి ఎన్నాళ్లయింది? తీగ మీద రోజిన్ పేరుకుపోయిందా? బ్రిడ్జి ముందుకు ఒరిగిందా? పెట్టె అంచుల్లో అతుకు విడిందా? వేలి కణుపుతో పెట్టె అంచు చుట్టూ తట్టుకుంటూ పోతే, అతుకు విడిన చోట శబ్దం డొల్లగా, గరగరగా మారుతుంది. వానాకాలంలోనూ ఏసీ గదుల్లోనూ ఇది తరచూ జరిగేదే. ఇలాంటి లోపం ఉండగా కొత్త తీగలు వేస్తే డబ్బు పోతుంది, జబ్బు మిగులుతుంది.

ముందు వాద్యాన్ని వినాలి

తీగలన్నిటిలో ఉత్తమమైనది ఏదన్న ప్రశ్నకు జవాబు లేదు. ఒక చెల్లోకు ప్రాణం పోసిన తీగ మరో చెల్లో మీద కీచుమంటుంది. కాబట్టి కొనేముందు తమ వాద్యంలో లోటు ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకోగలగాలి.

'ఎ' తీగ మిగిలిన మూడింటినీ మించి పదునుగా, ముక్కుతో పాడినట్టు పలకడం చాలా చెల్లోల్లో ఉండే ఫిర్యాదు. ముఖ్యంగా చవకైన, పైచెక్క మందంగా ఉన్న వాద్యాల్లో. దీనికి మెత్తటి స్వభావమున్న 'ఎ' తీగ వేయడమే మొదటి మందు. లార్సెన్‌కు పేరు తెచ్చింది ఈ గుణమే. చెల్లో స్వతహాగా మూగగా, మెరుపు లేకుండా ఉంటే యార్గర్ లాంటి సూటి నాదమున్న తీగ దాన్ని తెరుస్తుంది.

'సి' తీగ బురదలో నడిచినట్టు ఆలస్యంగా పలికితే టంగ్‌స్టన్ వైండింగ్ ఉన్నది చూడాలి. కానీ పాత తీగ అరగడం వల్లే అలా పలుకుతోందా అన్నది ముందు తేల్చుకోవాలి.

మూడో సమస్య 'వుల్ఫ్', అంటే తోడేలు స్వరం. చెల్లోలో ఎక్కువగా 'ఇ' నుంచి 'ఎఫ్ షార్ప్' మధ్య ఏదో ఒక స్వరం దగ్గర నాదం వణికి, గుర్రుమని విరిగిపోతుంది. పెట్టె సహజ కంపనం, తీగ కంపనం ఒకే స్థాయిలో కలవడంతో శక్తి వాటి మధ్య అటూ ఇటూ ఊగడం దీనికి కారణం. మంచి చెల్లోల్లోనూ ఇది ఉంటుంది. తక్కువ బిగువున్న 'సి' లేదా 'జి' తీగ వేస్తే వుల్ఫ్ కొంత తగ్గవచ్చు. బ్రిడ్జికీ టెయిల్‌పీస్‌కూ మధ్య తీగ భాగానికి తగిలించే చిన్న ఇత్తడి గొట్టంతో కూడా దాన్ని అదుపు చేయవచ్చు. ఆ గొట్టం ధర తీగ ధరలో చిన్న భాగమే కాబట్టి మొదట అదే ప్రయత్నించడం మేలు.

మొత్తం సెట్ కొనాలా, కలగలుపు చేయాలా

ఒకే కంపెనీ సెట్‌లో నాలుగు తీగల బిగువు, నాదం ఒకదానికొకటి పొంతన కుదిరేలా చేసి ఉంటాయి. కొత్తగా నేర్చుకునేవారికి ఇదే సరైన దారి. కానీ ప్రొఫెషనల్ వాద్యకారుల్లో చాలామంది కలిపి వాడతారు. పైరెండు తీగలు లార్సెన్, కిందిరెండు స్పైరోకోర్ టంగ్‌స్టన్ అన్న జోడీ ప్రపంచమంతటా పరిచితం. పై తీగల్లో పాడే గుణం, కింది తీగల్లో స్పష్టత కావాలన్నది దాని వెనకున్న ఆలోచన. ఈ కలయికలు బాగా చెలామణి కావడం చూసి కంపెనీలు తమ సొంత సెట్లలోనే పైరెండింటినీ కిందిరెండింటినీ వేర్వేరు స్వభావాలతో చేయడం కూడా జరిగింది.

డబ్బు జాగ్రత్తగా వాడాలనుకునేవారికి ఒక పద్ధతి ఉంది. మొదట 'ఎ' ఒక్కటే మార్చాలి. ముందుగా అరిగేది అదే, ఎక్కువ రాగం పలికేది అదే. అది వాద్యం మొత్తాన్ని ఎలా మార్చిందో రెండు వారాలు వినాలి. ఒక తీగ బిగువు మారితే పక్క తీగ పలుకు కూడా మారుతుంది. ఎక్కువ బిగువున్న 'ఎ' వేయడంతో 'డి' మూగబోయిన సందర్భాలు ఉంటాయి. కాబట్టి 'ఎ' నచ్చితే 'డి' కూడా అదే రకంలో తీసుకోవాలి. కింది రెండింటి సంగతి ఆ తర్వాత. ఒక్కసారిగా నాలుగూ మార్చితే ఏ మార్పు ఏ తీగ వల్ల వచ్చిందో తెలియదు.

చిన్న పిల్లల చెల్లోలకు మరో జాగ్రత్త కావాలి. త్రీ-ఫోర్త్, హాఫ్ వంటి పరిమాణాలకు వేరే తీగలు ఉంటాయి. పూర్తి పరిమాణం తీగను త్రీ-ఫోర్త్ చెల్లోకు వేసి అదే స్వరానికి శ్రుతి చేస్తే, పొడవు తగ్గడం వల్ల బిగువు దాదాపు అయిదో వంతు పడిపోతుంది. నాదం వదులుగా వస్తుంది. మిగిలిన తీగను బిరడాకు చుట్టడం కూడా ఇబ్బందే. ప్యాకెట్ మీద 4/4, 3/4, 1/2 అని రాసి ఉన్నది చూసి కొనాలి.

లైట్, మీడియం, స్ట్రాంగ్

చాలా తీగలు మూడు బిగువుల్లో దొరుకుతాయి. ఎక్కువ బిగువు అంటే ఎక్కువ శబ్దం అన్న నమ్మకం సగమే నిజం. బిగువు పెరిగితే కమాను ఒత్తిడిని తట్టుకుంటుంది, నాదం గట్టిపడుతుంది. ఒక హద్దు దాటాక పైచెక్క స్వేచ్ఛగా కదలలేదు, నాదం గొంతులోనే ఆగిపోతుంది. సున్నితమైన పాత వాద్యాలకు ఆ భారం హాని కూడా చేయవచ్చు. స్ట్రాంగ్ తీగ వేసి మూగబోయిన చెల్లో, లైట్ తీగ వేయగానే విప్పారడం వింత కాదు. ఏదీ తెలియనప్పుడు మీడియంతో మొదలుపెట్టడం క్షేమం.

మన శ్రుతిలో వాయించేవారికి

భారతదేశంలో చెల్లో ఒక్క పాశ్చాత్య సంగీతానికే పరిమితం కాదు. ముంబైలో 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియాలో, చెన్నైలో ఎ.ఆర్.రెహమాన్ 2008లో స్థాపించిన కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీలో అది పాశ్చాత్య వాద్యం. సినిమా పాటల వాద్యబృందాల్లో దశాబ్దాలుగా అది నేపథ్యపు గొంతు. అమెరికాకు చెందిన నాన్సీ లెష్, రుద్రవీణ విద్వాంసుడు జియా మొహియుద్దీన్ డాగర్ దగ్గర నేర్చుకుని చెల్లో మీద ధ్రుపద్ వాయించారు. నెదర్లాండ్స్ నుంచి వచ్చి ఢిల్లీలో స్థిరపడిన సాస్కియా రావ్-ద హాస్ హిందుస్థానీ సంగీతం కోసం చెల్లోనే మార్చారు. ఆమె 'ఇండియన్ చెల్లో' పరిమాణంలో చిన్నది. వాయించే తీగ ఒకటి ఎక్కువ, సితార్‌లో ఉన్నట్టు అనునాదానికి తరబ్ తీగలు అదనం.

మామూలు చెల్లో మీద రాగం వాయించేవారికి ఒక సమస్య ఎదురవుతుంది. తీగలను కంపెనీలు 'సి-జి-డి-ఎ' శ్రుతి కోసం చేస్తాయి. మన వయొలిన్ వాద్యకారుల్లా స-ప-స-ప కావాలంటే ఆ శ్రుతి మారాలి. 'సి'ని షడ్జంగా పెట్టుకుంటే కిందిరెండూ అలాగే ఉంటాయి. 'డి'ని 'సి'కి, 'ఎ'ని 'జి'కి ఒక్కో స్వరం దించాలి. బిగువు కంపనాల సంఖ్య వర్గంతో పాటు మారుతుంది కాబట్టి ఒక పూర్తి స్వరం దించితే బిగువు 21 శాతం తగ్గుతుంది. 17.5 కిలోల 'ఎ' తీగ 14 కిలోల లోపుకు వస్తుంది. వేలికి గమకం తేలికవుతుంది, కానీ కమాను కాస్త నొక్కితే నాదం చితికిపోతుంది. ఇలా వాయించేవారు పైరెండు తీగలను స్ట్రాంగ్ రకంలో తీసుకుంటే పోయిన బిగువులో కొంత తిరిగి వస్తుంది.

'డి'ని షడ్జంగా పెట్టుకోవాలనుకుంటే లెక్క తిరగబడుతుంది. పైరెండూ అలాగే ఉండి, కిందిరెండూ ఒక్కో స్వరం ఎక్కాలి. అప్పుడు వాటి బిగువు 26 శాతం పెరుగుతుంది. మీడియం తీగలతో ఇది వాద్యానికి అనవసరమైన భారం. స్ట్రాంగ్ తీగలతో అసలు చేయకూడదు. లైట్ రకం కింది తీగలు తీసుకుని, మరమ్మతు తెలిసినవారికి వాద్యాన్ని చూపించాకే ఆ శ్రుతికి వెళ్లాలి. లేదంటే 'సి' షడ్జానికే సర్దుకోవడం తెలివైన పని.

శ్రుతి మార్చడం పాశ్చాత్యులకూ కొత్త కాదు. బాఖ్ అయిదో చెల్లో సూట్ 'ఎ'ని 'జి'కి దించి వాయించడానికి రాసినదే. హంగరీ స్వరకర్త కొడాయ్ 1915లో రాసిన సోలో సొనాటాకు కిందిరెండు తీగలనూ అరస్వరం దించాలి. అయితే అక్కడ అది ఒక రచన కోసం చేసే తాత్కాలిక మార్పు. రాగసంగీతానికి చెల్లోను వాడేవారికి అది రోజూ ఉండే స్థితి కాబట్టి తీగ ఎంపికలోనే దాన్ని లెక్కించాలి.

గమకాలు, జారులు ఎక్కువ ఉన్న సంగీతానికి వైండింగ్ నున్నగా ఉండటం కూడా ముఖ్యం. వేలు జారడానికి నూనె వాడే అలవాటుంటే అది కమాను ఆడే భాగానికి అంటకుండా చూడాలి. జిడ్డు తగిలిన చోట రోజిన్ పట్టదు.

ఉక్కపోత, చెమట

తీరప్రాంతపు తేమలో పేగు తీగల శ్రుతి గంటగంటకూ మారుతుంది. చెన్నైలోనో విశాఖలోనో ఏసీ గదికీ బయటి వేదికకూ మధ్య తిరిగే వాద్యకారులకు అవి పెద్ద పరీక్ష. పాత సంగీతాన్ని పాత నాదంతో వాయించాలన్న పట్టుదల ఉన్నవారికి తప్ప మన వాతావరణంలో ఉక్కే నమ్మకమైన తోడు. జంతు పదార్థం వద్దనుకునే ఇళ్లలో, పేగు తీగ లాంటి వెచ్చదనం కావాలంటే కృత్రిమ కోర్ తీగ ఉంది. ఉక్కు తీగకు శత్రువు చెమట. సాధన అయ్యాక మెత్తటి పొడి గుడ్డతో తీగలు తుడిచే అలవాటు ఒక్కటే వాటి ఆయుష్షును బాగా పెంచుతుంది. స్పిరిట్‌తో తుడిస్తే రోజిన్ పోతుంది గాని, ఒక్క చుక్క పెట్టె మీద పడినా వార్నిష్ కరిగిపోతుంది.

వేసేటప్పుడు

నాలుగు తీగలూ ఒకేసారి విప్పకూడదు. పెట్టె లోపల పైచెక్కకూ కిందిచెక్కకూ మధ్య నిలబడే సౌండ్ పోస్ట్ అనే చిన్న కర్ర జిగురుతో అంటించినది కాదు. తీగల ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది. అన్నీ విప్పితే అది పడిపోవచ్చు. దాన్ని తిరిగి నిలబెట్టడానికి పరికరమూ నేర్పూ కావాలి. కాబట్టి ఒకటి తీసి, కొత్తది వేసి, శ్రుతికి దగ్గరగా తెచ్చాకే రెండోది ముట్టుకోవాలి.

పాత తీగ తీశాక నట్ మీదా బ్రిడ్జి మీదా ఉన్న గాడిలో మెత్తటి పెన్సిల్‌తో రుద్దితే గ్రాఫైట్ అంటుకుని కొత్త తీగ సాఫీగా జారుతుంది, తెగదు. గాడి తీగకంటే ఇరుకుగా ఉంటే వైండింగ్ నలుగుతుంది. లావు తీగ నుంచి సన్నటి టంగ్‌స్టన్‌కు మారితే గాడి వెడల్పై తీగ గరగరలాడవచ్చు. అలాంటప్పుడు పనివారి చేత సరిచేయించుకోవాలి. ఫైన్ ట్యూనర్‌ను మధ్యస్థంగా పెట్టి, బిరడాతో నెమ్మదిగా బిగించాలి. ఉక్కు తీగకు ఫైన్ ట్యూనర్ తప్పనిసరి. బిరడా వెంట్రుకవాసి తిరిగినా స్వరం దూకేస్తుంది. బిగించేటప్పుడు ముఖం తీగకు దూరంగా ఉంచాలి.

ప్రతి తీగ బిగించాక బ్రిడ్జిని పక్కనుంచి చూడాలి. తీగ బిరడా వైపు లాగబడుతుంటే దానితోపాటు బ్రిడ్జి పైఅంచు కూడా ఫింగర్ బోర్డు వైపు ఒరుగుతుంది. టెయిల్‌పీస్ వైపున్న ముఖం పెట్టెకు నిటారుగా నిలవాలి. ఒరిగితే రెండు చేతులతో పట్టి మెల్లగా వెనక్కి సర్దాలి. ఇది పట్టించుకోకపోతే బ్రిడ్జి వంగిపోతుంది, లేదా ఒకరోజు దబ్బున పడి పైచెక్కను గీరుతుంది.

కొత్త ఉక్కు తీగ కొన్ని గంటల్లో స్థిరపడుతుంది. కృత్రిమ కోర్ తీగకు రెండు మూడు రోజులు, పేగుకు అంతకంటే ఎక్కువ కావాలి. మొదటి రోజు వినిపించే లోహపు పదును కొద్ది రోజుల వాయిద్యంతో తగ్గుతుంది. అందుకే కచేరీ ముందురోజు తీగలు మార్చకూడదు, మార్చిన రోజే తీర్పు చెప్పకూడదు.

తీసిన పాత తీగలు పారేయకుండా కొత్త ప్యాకెట్ కవర్లో చుట్టి, మార్చిన తేదీ రాసి పెట్టెలో ఉంచుకోవాలి. తీగ తెగితే కొరియర్ వచ్చేదాకా అదే ఆసరా. ఆ తేదీ వల్ల మరో ఉపయోగం కూడా ఉంది. వచ్చే ఏడాది చెల్లో మళ్లీ మూగబోయినప్పుడు, అడగాల్సిన మొదటి ప్రశ్నకు జవాబు ఆ కవర్ మీదే ఉంటుంది.